పిలిచేవాళ్ళు కావాలి



ఈ పూట నేను మాట్లాడబోయేది పాట గురించి కాదు, పాట దగ్గరికి జనాన్ని పిలవడం గురించి. కృష్ణ దిగువ డెల్టాలో, అంటే బందరు, గుడివాడ, దివిసీమల్లో పాడేవాళ్ళకి ఏనాడూ కొదవ లేదు. వినేవాళ్ళూ ఉన్నారు. ఈ ఇద్దరినీ ఓ సాయంత్రం ఒకచోట చేర్చి, జమాఖర్చులు చూసుకుని, పాడినవాళ్ళ చేతిలో డబ్బు పెట్టి ఆఖరి బస్సు ఎక్కించే మూడో మనిషే మనకి కరువయ్యాడు.

ముందు మన ఇంటి సంగతి చూద్దాం. మొవ్వ గోపాలుడి మీద పదాలు కట్టిన క్షేత్రయ్య తంజావూరు వెళ్ళాడు, మధుర వెళ్ళాడు, గోల్కొండ వెళ్ళాడు. ఆయన పదాలు ఈనాటికీ బతికి ఉన్నాయంటే అందులో దేవదాసీల పుణ్యం, అరవదేశపు విద్వాంసుల పుణ్యం చాలా ఉంది. మొవ్వ పక్కనే కూచిపూడి. అక్కడ పుట్టిన వెంపటి చినసత్యంగారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టింది మద్రాసులో. దివిసీమ అంచున ఉన్న శ్రీకాకుళంలో పుట్టిన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు బెజవాడ చేరి బాలమురళీకృష్ణని తయారు చేశారు. పెదకళ్ళేపల్లిలో పుట్టిన వేటూరి సుందరరామమూర్తిగారు పాటలు రాయడానికి మద్రాసు వెళ్ళారు. అంతకుముందే ఆయన రేడియో కోసం ‘సిరికాకొలను చిన్నది’ అనే సంగీత నాటిక రాశారు, అందులో కథంతా మన సీమదే. ఇక గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టిన పిల్లవాడి సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇంటిపేరు ఘంటసాల, పుట్టిన ఊరు చౌటపల్లి. ఘంటసాల అనే ఊరు వేరే ఉంది, చల్లపల్లి దగ్గర. చాలామంది ఈ రెండూ కలిపేసుకుంటారు కాబట్టి చెబుతున్నాను.

ఈ పేర్లు చెప్పుకుని మనం పొంగిపోతాం. పొంగిపోవలసిందే. కానీ ఒక్క సంగతి గమనించండి. వీళ్ళంతా వెళ్ళిపోయినవాళ్ళు. మనం వరి ఎగుమతి చేసినట్టే గాయకుల్ని కూడా ఎగుమతి చేస్తూ వచ్చాం. వరి విషయంలో మన ఇంటి గాదె నింపుకున్నాకే లారీ ఎక్కిస్తాం. పాట విషయంలో ఆ జాగ్రత్త తీసుకోలేదు.

మరి వెళ్ళిపోనివాళ్ళ మాటేమిటి? దసరా తొమ్మిది రాత్రులూ బందరు వీధుల్లో శక్తి పటాలు ఎత్తుకుని డప్పుల దరువుకి ఆడేవాళ్ళున్నారు. చిలకలపూడి పాండురంగడి దగ్గర కార్తీకంలో భజన చేసే బృందాలున్నాయి. కోలాటం పల్లెపల్లెకీ ఉంది, ఈమధ్య ఆడవాళ్ళ బృందాలు బాగా పెరిగాయి కూడా. ఊడ్పులప్పుడు పాడిన పాటలు గుర్తున్న పెద్దమ్మలు, తెడ్డు వేసేటప్పుడు, వల లాగేటప్పుడు పాడే పదాలు తెలిసిన నాగాయలంక, కోడూరు వైపు పల్లెకారులు, బుర్రకథ చెప్పే కుటుంబాలు, ‘పాండవోద్యోగ విజయాలు’ నాటక పద్యాలు ఆపకుండా పాడగల రిటైరైన మాస్టర్లు, అందరూ ఇక్కడే ఉన్నారు. ఆ పద్యాలు రాసిన జంట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బందరు హిందూ హైస్కూల్లో పాఠం చెప్పిన మనిషే కదా! వీళ్ళకి తోడు ఇప్పుడు గిటారు పట్టుకున్న ఇంజినీరింగు పిల్లలు వచ్చారు. సొంతంగా పాట రాసుకుని, సొంతంగా బాణీ కట్టుకుని, ఫోనులో రికార్డు చేసుకుని లోకం మీదికి వదులుతారు. ఇండీ అంటున్నారు దాన్ని. ఘంటసాలగారి రోజుల్లో సినిమాతో సంబంధం లేని ఇలాంటి పాటల్ని ప్రైవేటు రికార్డులు అనేవాళ్ళు. కరుణశ్రీ పద్యాలని ఆయన పాడిన ‘పుష్పవిలాపం’ అలాంటిదే, ఏ సినిమా పాటకీ తీసిపోలేదు.

ఈ పిల్లలకి వేల మంది చూసేవాళ్ళు ఉండవచ్చు. సొంత ఊళ్ళో ఎదురుగా కూర్చుని విన్నవాళ్ళు పదిమంది ఉండరు. ఆ పెద్దమ్మలకైతే ఫోనూ లేదు, ఎదురుగా మనిషీ లేడు.

పూర్వం ఇలా ఉండేది కాదు. అప్పుడు మూడో మనిషి ఉండేవాడు, రకరకాల వేషాల్లో ఉండేవాడు. కూచిపూడి మేళాలనే తీసుకోండి. ఊరూరా తిరిగే ఆ భాగవతులు ప్రచారం కూడా కళలో భాగంగానే చేసుకున్నారు. పగలు పగటివేషం కట్టి వీధుల్లో తిరిగితే ఊళ్ళో ఎవరొచ్చారో పిల్లలతో సహా అందరికీ తెలిసిపోయేది. రాత్రికి భాగవతం. దివిటీల వెలుగులో తెర పట్టి, పాత్ర ప్రవేశించేటప్పుడు దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గున మంట లేచేది. నిద్రలో జోగుతున్నవాడు కూడా ఉలిక్కిపడి లేచి కూర్చునేవాడు. సత్యభామ జడని తెర మీదుగా ముందే వేసి, తరవాత మనిషి రావడం ఉందే, కాసేపు ఊరించి ఆ మీదట చూపించడం, అంతకన్నా మంచి ప్రచారం నేటి సినిమా కంపెనీలకి కూడా తెలియదు.

తరవాత నాటకాల కాలం వచ్చింది. ఈ డెల్టాలో నాటకానికి ఎంత పట్టు ఉండేదంటే, గుడివాడ పరిసరాల్లో ఆడవేషాలు కట్టిన కుర్రాడు అక్కినేని నాగేశ్వరరావు బెజవాడ రైల్వే స్టేషనులో ఘంటసాల బలరామయ్యగారి కంటపడి సినిమాకి వెళ్ళాడు. నాటకాన్ని ఊరికి తెచ్చినవాణ్ణి కంట్రాక్టరు అనేవాళ్ళు. కృష్ణుడు ఒక ఊరి నుంచి, అర్జునుడు ఇంకో ఊరి నుంచి, హార్మోనియం మరో ఊరి నుంచి. అందరికీ అడ్వాన్సులు ఇచ్చి, పందిరి వేయించి, జట్కా బండికి బోర్డు కట్టి డప్పు కొట్టించి కరపత్రాలు పంచేవాడు. టిక్కెట్లు అమ్మేవాడు. జనం పద్యానికి వన్స్ మోర్ కొట్టి, స్టేజీ ఎక్కి నోట్లు చదివించేవాళ్ళు. కంట్రాక్టరంటే మన కథల్లో, కబుర్లలో కాస్త చిన్నచూపు ఉంది, లెక్కలు ఎగవేస్తాడని. కొందరు ఎగవేశారు కూడా. కానీ ఆ వృత్తి పోయాకే తెలిసింది దాని విలువ. నష్టం వస్తే అది తన నెత్తిన పడుతుందని తెలిసి కూడా పాటని ఊరికి తెచ్చే మనిషి అతనే.

మూడో తరహా మనిషి ప్రజానాట్యమండలి. 1943లో మొదలైన ఆ సంస్థ బుర్రకథని పట్టుకుని ఊరూరా తిరిగింది. నడుమ కథకుడు తంబురా, అందెలతో, అటూ ఇటూ వంతలు గుమ్మెటలతో. ఒక వంత నవ్విస్తాడు, ఇంకో వంత రాజకీయం మాట్లాడతాడు. పొన్నెకల్లు షేక్ నాజర్‌గారు బెంగాల్ కరువు మీద కథ చెప్పి జనాన్ని ఏడిపించి చందాలు పోగు చేయించారు. మోటూరి ఉదయంగారు మొదలైనవాళ్ళు ఆడవాళ్ళ బుర్రకథ దళం కట్టారు, ఆ రోజుల్లో అది మామూలు తెగువ కాదు. మన పామర్రులో పుట్టిన కొండపల్లి కోటేశ్వరమ్మగారు చిన్నతనంలోనే జాతీయోద్యమ సభల్లో పాటలు పాడి, పెద్దయ్యాక ఆ మండలిలో పాడి, 90 ఏళ్ళు దాటాక ‘నిర్జన వారధి’ అనే ఆత్మకథ రాశారు. వాళ్ళ రాజకీయాలు మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. నేను చూసేది వాళ్ళ పనితనం. దళం వస్తోందంటే ఆ ఊళ్ళో ఎవరి ఇంట్లో భోజనం, ఎవరి దొడ్లో వేదిక, పెట్రోమాక్సు లైటు ఎవరు తెస్తారు, పక్క ఊళ్ళకి కబురు ఎవరు చేరవేస్తారు, అన్నీ ముందే తేలిపోయేవి. పాట అంత పనిచేసింది కనుకే ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఎవరూ వినని పాటని ఏ ప్రభుత్వమూ నిషేధించదు.

ఆ తరవాత ఏం జరిగిందో మీకు తెలుసు. సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, డీజే పెట్టెలు వచ్చాయి. జానపదుడు ఎక్కడికీ పోలేదు. పోలేదు కానీ, సభ మొదలయ్యేలోపు జనం లేచిపోకుండా కూర్చోబెట్టే పనికి మారాడు. మీరూ చూసే ఉంటారు. ముఖ్య అతిథి గంట ఆలస్యం. అంతవరకూ డప్పు కళాకారులు వాయించాలి. కారు కనబడగానే ఒకాయన పరుగున వచ్చి, “ఇంక చాలు చాలు, ఆపండి” అని మైకు లాక్కుంటాడు. చరణం సగంలో ఉంటుంది. ఆ బృందానికి ఇచ్చేది శాలువా. శాలువా కప్పుకుని ఏ దుకాణానికి వెళ్ళినా బియ్యం ఇవ్వరు కదండీ.

ఆ సభ ఫ్లెక్సీ చూడండి. పై వరసలో పెద్ద నాయకులు, రెండో వరసలో చిన్న నాయకులు, కింద శుభాకాంక్షలు తెలిపేవారు, వాళ్ళ కింద వాళ్ళ మిత్రబృందం. పాడే మనిషి బొమ్మ ఏ మూలనో తపాలా బిళ్ళంత. ఫలానా ఆవిడ పాడుతుంది, ఇన్ని గంటలకి మొదలవుతుంది అన్న రెండు సంగతులు వెతికి పట్టుకోవాలి. ఇది ప్రచారం కాదు, ఫోటోల ప్రదర్శన. ఈ విషయంలో నేను కాస్త కటువుగానే మాట్లాడతాను, ఏమనుకోవద్దు.

బయట ఊళ్ళలో గాలి మారింది. హైదరాబాదులో చౌరస్తా అనే బ్యాండు పల్లె పలుకుని రెగ్గే లయతో కలిపి పాడితే పిల్లలు ఎగబడి విన్నారు. అందులో పాడిన రామ్ మిరియాల తరవాత సినిమా పాటగాడు కూడా అయ్యాడు. పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. అయితే ఇవి మహానగరం సంగతులు, ప్రభుత్వ గుర్తింపు సంగతులు. చిన్న ఊరికి పాఠాలు ఇంకో చోట ఉన్నాయి. చెన్నైలో బీసెంట్ నగర్ పక్కన ఊరూర్ ఆల్కాట్ కుప్పం అని జాలరి పేట ఉంది. 2015లో కర్ణాటక గాయకుడు టి.ఎం.కృష్ణ, ఆయన మిత్రులు, ఆ కుప్పం జనం కలిసి అక్కడ సంగీతోత్సవం మొదలుపెట్టారు. సభా భవనాల్లో వినే కర్ణాటక కచేరీ, వీధిలో వినే పరై డప్పు ఒకే వేదిక మీద, పడవల పక్కన. టిక్కెట్టు లేదు, ముందు వరస కుర్చీలు పెద్దలకి అన్న ఏర్పాటు లేదు. రాజస్థాన్‌లో బికనేర్ వైపు 2012 నుంచి కబీర్ యాత్ర నడుస్తోంది. కబీరు, మీరా పాటలు పాడే జానపదులు, వినేవాళ్ళు కలిసి బస్సుల్లో ఊరి నుంచి ఊరికి వెళతారు, రాత్రి ఏ ఊళ్ళో దిగితే ఆ ఊరే వేదిక.

ఇవి వింటుంటే మీకు నాగాయలంక గుర్తురావడం లేదూ? పామర్రు కూడలి గుర్తురావడం లేదూ? పామర్రు నుంచి ఒక రోడ్డు గుడివాడకి, ఒకటి బందరుకి, ఒకటి చల్లపల్లి మీదుగా అవనిగడ్డకి. శుక్రవారం గుడివాడ, శనివారం బందరు, ఆదివారం అవనిగడ్డ. శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక తప్పెటగుళ్ళ బృందమో, పాలమూరు నుంచి కిన్నెర వాయించే మనిషో రావాలంటే దారి ఖర్చే మోపెడవుతుంది. అది ఒక్క ఊరు భరించలేదు. మూడు ఊళ్ళు పంచుకుంటే భరించవచ్చు. మూడు ఊళ్ళలో ముగ్గురు మనుషులు ఫోనులో మాట్లాడుకుంటే చాలు, దీనికి సంఘం రిజిస్ట్రేషను కూడా అక్కర్లేదు.

ఇక ఎలా చేయాలన్నది. నా మాట వింటే పెద్ద వేదిక జోలికి పోవద్దు. 2025 జూన్‌లో మంగినపూడి తీరంలో మసులా బీచ్ ఫెస్టివల్ జరిగింది, జనసంద్రం. అలాంటివి ప్రభుత్వాలు చేయాలి, చేయనివ్వండి. మనం చేయవలసింది ఎనభై మంది, వంద మంది కూర్చునే సాయంత్రం. ఎక్కడ? శాఖా గ్రంథాలయం వసారా, బడి ఆవరణ, గుడి మంటపం, రైసు మిల్లు కళ్ళం, పెడనలో కలంకారీ అద్దకం షెడ్డు. దివిసీమలో ఇంకో చోటు ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెనలో వేల ప్రాణాలు పోయాక తీరంలో తుఫాను షెల్టర్లు కట్టారు. గట్టి కప్పు, గట్టి గోడలు. తుఫాను లేని రోజుల్లో అందులో పాట పెట్టుకుంటే ఎవరికి అభ్యంతరం? ఆ భవనం బాగోగులు కూడా నలుగురి కంటా పడుతుంటాయి. ఆ ఉప్పెన సమయంలో సినిమా నటులు రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి విరాళాలు సేకరించిన సంగతి ఈ సీమలో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కళాకారుడి పిలుపుకి ఉన్న బలం ఈ నేలకి కొత్తగా చెప్పాలా?

ఎప్పుడన్నది పంటని అడగాలి. కాలవలకి నీళ్ళు వదిలి నాట్లు పడే రోజుల్లో ఎవరూ రారు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశాన్ని నమ్మలేం. కోతలయ్యాక, సంక్రాంతి నుంచి ఉగాది దాకా మన రుతువు. శ్రీరామనవమి పందిళ్ళు ఎలాగూ ఉన్నాయి. సాయంత్రం ఆరున్నరకి మొదలెట్టి ఎనిమిదిన్నరకి ముగించండి. ఆఖరి బస్సు దాటిపోతే వచ్చేసారి ఆడవాళ్ళు రారు. దోమల సంగతి కూడా చూసుకోండి. నవ్వుతున్నారేమో, మన డెల్టాలో కచేరీలని చెడగొట్టింది అపశ్రుతుల కన్నా దోమలే ఎక్కువ.

పిలుపు సంగతి. ఆటో మైకు మంచిదే, కేబుల్ టీవీలో స్క్రోలింగ్ మంచిదే, వాట్సాప్ గ్రూపులు మంచివే. ఇవన్నీ కబురు చెబుతాయి, మనిషిని కుర్చీలోంచి లేపలేవు. లేపేది మనిషి పిలుపు. ఇంట్లో పేరంటానికి బొట్టు పెట్టి పిలుస్తాం చూడండి, “వదినా, శనివారం సాయంత్రం తప్పకుండా రావాలి, పిల్లల్ని కూడా తీసుకురా” అని, అలా పిలవాలి. పది మంది తలా పది ఇళ్ళకి వెళితే వంద ఇళ్ళు. బడి పిల్లల చేత పిలిపిస్తే ఇంకా మంచిది, వాళ్ళ వెంట అమ్మమ్మలు వస్తారు, ఆ అమ్మమ్మల్లోనే రేపటి గాయని ఉంటుంది. ఇంకొకటి, రోజు మార్చకండి. ప్రతి నెలా రెండో శనివారం అంటే ప్రతి నెలా రెండో శనివారమే. మొదటి నెల ముప్పై మందే వస్తారు. నిరుత్సాహపడి ఆపేసినవాళ్ళు చాలామంది, ఆపనివాళ్ళే నిలబడ్డారు.

సౌండు గురించి రెండు మాటలు, ఎందుకంటే సగం కచేరీలు అక్కడే చస్తాయి. మన ఊళ్ళలో సౌండు సప్లై కుర్రాళ్ళు పనిమంతులే. కానీ వాళ్ళకి పెళ్ళి ఊరేగింపులు అలవాటు. వంద మందికి రెండు బాక్సులు చాలంటే నమ్మరు, లారీకి సరిపడా తెస్తారు. పైగా ఎకో! ఎకో లేకపోతే పాటకి గ్లామర్ ఉండదని వాళ్ళ గట్టి నమ్మకం. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ గొంతుకి ఎకో పెడితే ఆవిడ నూతిలోంచి పాడుతున్నట్టు వినిపిస్తుంది, మాట ఒక్కటీ తెలియదు. జానపదానికి మాటే ప్రాణం. కాబట్టి పాడేవాళ్ళని గంట ముందే పిలిపించి, ఎకో పూర్తిగా తీయించి, ఒకసారి పాడించి చూడండి. డప్పుకి మైకు అక్కర్లేదు. తంబురాకి కావాలి. అందెల చప్పుడు దానంతట అదే వినబడుతుంది.

చట్టం కూడా కొంచెం తెలిసి ఉండాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్ పనికిరాదు. మిగతా వేళల్లో కూడా రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. ముందే దరఖాస్తు పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. సినిమా పాటలు పాడి టిక్కెట్టు పెడితే కాపీరైటు సంఘాల లైసెన్సు కావాలి. తరతరాల జానపదానికి, పిల్లలు సొంతంగా రాసుకున్న పాటకి ఆ బాధ లేదు. సంగీత కచేరీకి మనిషికి ఐదు వందల రూపాయలు మించని టిక్కెట్టుకి జీఎస్టీ మినహాయింపు ఉంది. జానపద, శాస్త్రీయ కళాకారుడు ఒక ప్రదర్శనకి తీసుకునే పారితోషికం లక్షన్నర దాకా కూడా మినహాయింపే. మన లెక్కలు దాని దరిదాపులకి కూడా పోవు, కాబట్టి భయపడకండి.

డబ్బు సంగతికి వచ్చాం. ఇక్కడ మనవాళ్ళకి మొహమాటం. టిక్కెట్టు పెడితే ఎవరొస్తారు అంటారు. సినిమాకి పెడుతున్నారు, సర్కస్‌కి పెట్టారు, నాటకానికి తాతలు పెట్టారు. యాభై రూపాయలు, వంద మంది, ఐదు వేలు. ఇద్దరు ముగ్గురు కళాకారులకి దారి ఖర్చులతో గౌరవంగా ఇవ్వడానికి చిన్న ఊళ్ళో అది మంచి మొదలు. పల్లెల్లో టిక్కెట్టు కుదరదనుకుంటే హుండీ పెట్టండి, బియ్యం పెట్టినా పుచ్చుకోండి. కానీ కథ మధ్యలో దాతల పేర్లు చదవడం మాత్రం ఆపండి. బాలచంద్రుడు యుద్ధానికి బయలుదేరుతుంటే ఫలానా ఎరువుల దుకాణం వారు ఐదు వందల పదహార్లు అంటే, ఆ వీరుడు ఇంక ఎక్కడికి వెళతాడు? అవన్నీ చివర చదవండి, తీరిగ్గా చదవండి.

కళాకారుడితో ముందే ఖరారు చేసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. “ఎంత ఇమ్మంటారు బాబాయ్?” అని అడుగుతాం. “మీ దయ బాబూ, మీరెంతిస్తే అంత” అంటాడాయన. అది మర్యాద మాట. దాన్ని పట్టుకుని చివరికి దారి ఖర్చులు చేతిలో పెట్టి దణ్ణం పెట్టేస్తాం. ఆయన ఏమీ అనడు, మళ్ళీ పిలిస్తే రాడు, ఆయన కొడుకు ఆ తంబురా ముట్టుకోడు. అలా కాదు. ఇంత ఇస్తాం అని మనమే ముందు చెప్పాలి. ఆ డబ్బు వేదిక ఎక్కకముందే చేతిలో పెట్టాలి. అన్నం పాట తరవాత కాదు, పాటకి ముందు పెట్టాలి.

రికార్డింగు గురించి కూడా. ఫోనులు ఎత్తి తీసేస్తాం, తెల్లారేసరికి ఎవరి ఛానల్లోనో ఎవరి పేరుతోనో వచ్చేస్తుంది. పాట అందరిదీ కావచ్చు, పాడిన గొంతు ఆవిడది. కాపీరైటు చట్టం 38వ సెక్షన్ ప్రదర్శకులకి 50 ఏళ్ళ హక్కు ఇచ్చింది. ఆవిడ ఒప్పుకోకుండా రికార్డు చేయడానికి, అమ్ముకోవడానికి లేదు. అడగండి, ఒప్పుకుంటే తీయండి, వీడియో కింద ఆవిడ పేరు, ఊరు పెట్టండి. ఆవిడకి ఒక కాపీ ఇవ్వండి. చాలామంది తమ గొంతు తామే ఎప్పుడూ విని ఉండరు.

కచేరీని సగం సగం చేయమని కూడా నా సలహా. మొదటి ముప్పావు గంట పెద్దవాళ్ళు, తరవాతి ముప్పావు గంట గిటారు పిల్లలు. పెద్దావిడ ఊడ్పు పాట విన్నాక ఆ పిల్లవాడు ప్రేమ పాట పాడటానికి కాస్త సిగ్గుపడి, ఊరి పాట రాయడానికి కూర్చుంటాడు. రాయడానికి సరుకు తక్కువా? రొయ్యల చెరువులైన వరి చేలు, గల్ఫ్ వెళ్ళిన అన్నలు, 2023లో పనులు మొదలైన బందరు రేవు. ఆ రేవు కోసం మనం ఎన్నేళ్ళు ఎదురుచూశామో, ఒక్కదాని మీదే పది చరణాలు వస్తాయి.

ఆకాశవాణి మాట కూడా చెప్పి ముగిస్తాను. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావుగారి వంటివాళ్ళు పనిచేసిన కేంద్రం ఇది. పల్లె గొంతులకి ఈ మైకు ఎన్నడూ కొత్త కాదు. జానపద కళాకారులకి ఆడిషన్లు ఉంటాయి. మీ ఊళ్ళో పాడేవాళ్ళ చేత దరఖాస్తు పెట్టించండి. వాళ్ళకి రాయడం రాకపోతే మీరు రాసి పెట్టండి. అది కూడా మూడో మనిషి చేయవలసిన పనే.

ఇదంతా విన్నాక మీలో ఒక్కరైనా కాగితం తీసుకుని మీ వీధిలో, మీ పేటలో, మీ లంకలో పాట తెలిసిన ముగ్గురి పేర్లు రాయండి. సంక్రాంతి వెళ్ళాక వచ్చే మొదటి శనివారం వాళ్ళలో ఒకరిని పిలవండి. చాప మీరు వేయండి, మంచినీళ్ళు మీరు పెట్టండి, యాభై రూపాయలు మొదట మీరే ఇవ్వండి.